శాన్ కార్లోస్ సరస్సు: అడుగున మిగిలిన నీళ్లు కూడా పొలాలకే వదలాలా?

పిల్లకాలువ:
మేం ఉండేది అరిజోనాలో, ఫీనిక్స్ దగ్గర. మొన్న శాన్ కార్లోస్ సరస్సు చూడ్డానికి వెళ్లాం. పడవలు దింపే సిమెంటు ర్యాంపు ఎండుమట్టిలో ఆగిపోయింది. నెర్రెల్లో నా అరచెయ్యి పట్టింది. గిలా నది మీద 1930లో ప్రారంభించిన కూలిడ్జ్ డ్యామ్ వెనకాల, నిండితే దాదాపు 40 టీఎంసీలు పట్టే జలాశయం ఇది. ఎంత కరువొచ్చినా కొంత నీరు అందులో ఉంచాలంటాను. మీరేమంటారు?

మెట్టచేను:
నేనొప్పుకోను. డ్యామ్ కట్టిందే సాగు కోసం. డ్యామ్ కోసం చేసిన 1924 నాటి చట్టంలో ముందు పేరు దిగువన ఉన్న పీమా తెగవాళ్లదే. వందల ఏళ్లు కాలువలు తవ్వుకుని పండించుకున్నవాళ్లు. 1870ల నుంచి ఎగువన కొత్తగా వచ్చినవాళ్లు నదిని మళ్లించుకుంటే పొలాలు బీడుపడి ఆకలికి మాడారు. ఇప్పుడు నీళ్లు ఆపితే వాళ్ల నోటి దగ్గర కూడు మళ్లీ లాక్కున్నట్టే. పైగా వరదొస్తే పట్టడానికి ఖాళీ ఉండాలి. 1993లో నిండి స్పిల్‌వే మీదుగా పొర్లింది.

ముంపువాసి:
మా తాతగారి ఊరు 1981లో శ్రీశైలం ముంపులో పోయింది. అందుకే ఊరుకోలేక రాస్తున్నా. ఆ సరస్సు ఉన్నది మరో తెగవాళ్లైన అపాచీల నేల మీద. వాళ్ల పాత శాన్ కార్లోస్ ఊరు అందులోనే మునిగింది. సమాధుల మీద కాంక్రీటు పోసి, ఆపైన నీళ్లు నింపారు! ఊరు వాళ్లది పోయింది, నీళ్లు దిగువవాళ్ల పేరన రాశారు. సరస్సు ఎండి చేపలు చచ్చిన ఏడు ఆ కంపు భరించేదీ వాళ్లే. ఆ మాత్రం నీళ్లు వాళ్లకు బాకీ ఉన్నట్టే.

పిల్లకాలువ:
మెట్టచేను గారూ, పీమాల గోడు కాదనను. కానీ 40 టీఎంసీల చోట ఒకటి ఉంచితే వరదకు ఏం అడ్డం? అపాచీలకు 1992 చట్టం కొలరాడో నది నుంచి వచ్చే కాలువ నీళ్లలో వాటా ఇచ్చింది. ఆ వాటా దిగువ రైతులకిచ్చి, బదులుగా అంతే నీరు సరస్సులో ఆపుకోవచ్చు.

మెట్టచేను:
కొలరాడోయే చిక్కిపోతోంది కదండీ. 2022 నుంచి అరిజోనా వాటాకే కోత పడింది. మార్చుకోవడానికి నీళ్లేవి? సమాధుల సంగతి మాత్రం నాకు తెలియదు. చదివాక మనసు బాగాలేదు. వానలు బాగా పడ్డ ఏడాదిలో ముందుగా ఆ ఒక్క టీఎంసీ పక్కన పెట్టి, మిగతాది వదలమంటే ఒప్పుకుంటా. కరువు ఏడాది మాత్రం ఒప్పుకోలేను.