హీలియోస్ 44-2 ఫోకస్ రింగ్ బిగుసుకుపోయింది: మొత్తం విప్పాలా, లైటర్ ఫ్లూయిడ్ పోస్తే సరిపోతుందా?

కొత్తకటకం: హీలియోస్ 44-2 అనే పాత సోవియట్ లెన్స్ ఒకటి చేతికొచ్చింది. 58 ఎంఎం, ఎఫ్/2, ఎం42 మౌంట్ (కెమెరాకి మరతో బిగించే రకం). గాజు శుభ్రంగా ఉంది కానీ ఫోకస్ రింగ్ రెండు చేతులూ పెడితే గానీ కదలదు. రింగ్ సందులో లైటర్ ఫ్లూయిడ్ పోసి తిప్పమంటున్నారు కొందరు. లెన్స్‌ని ముందుకీ వెనక్కీ జరిపే హెలికాయిడ్ మర విడదీసి కొత్త గ్రీజు పెట్టాల్సిందే అంటున్నారు ఇంకొందరు. ఏది చేయమంటారు?

పాతఇనుము: పోయకండి. ఆ గ్రీజులో నూనె ఎప్పుడో ఆరిపోయింది, మిగిలింది సబ్బులాంటి గట్టి పదార్థం. ఫ్లూయిడ్ దాన్ని కాసేపు కరిగిస్తుంది, తర్వాత తను ఆవిరైపోతుంది. జిడ్డు అక్కడే ఉండి మళ్లీ బిగుస్తుంది. కరిగినదాంట్లో కొంత వెలుతురు తగ్గించే అపర్చర్ బ్లేడ్ల మీదికి, కొంత గాజు మీదికి జారుతుంది.

పద్ధతి ఇది. రింగ్ ఇన్ఫినిటీలో (అన్నిటికన్నా దూరపు ఫోకస్‌లో) పెట్టి, లెన్స్ పొడవు వెర్నియర్‌తో కొలిచి రాసుకోండి. గాజు ఉన్న భాగం మొత్తం ముందే తీసి మూతపెట్టి పక్కన ఉంచండి. రింగ్ చుట్టూ ఉన్న తల లేని చిన్న గ్రబ్ స్క్రూలు వదులు చేయండి. లక్క పట్టి ఉంటే పుల్లతో ఒక్క అసిటోన్ చుక్క వేసి ఆగండి. ఆ అసిటోన్ అంకెల రంగుకు తగిలితే రంగు పోతుంది. ఇక మర నెమ్మదిగా విప్పుతూ, రెండు ముక్కలూ విడిపోయే ఆ క్షణంలోనే రెంటి మీదా ఎదురెదురుగా గీత పెట్టండి. ఈ మరకి మొదళ్లు (ఎక్కడం మొదలయ్యే చోట్లు) చాలా ఉంటాయి, దేంట్లోనైనా ఎక్కుతుంది, సరైనది ఒక్కటే. గీత లేకపోతే సాయంత్రమంతా అదే పని.

సులువుదారి: మళ్లీ మొదలుపెట్టారు. హీలియోస్ 44-2 ప్రీసెట్ లెన్స్ అండీ. బ్లేడ్లు ఎనిమిదీ చేత్తో తిప్పితే కదిలేవే, స్ప్రింగు లేదు. నూనె తగిలినా ఏమీ ఆగదు. సూపర్ టకుమార్ లాంటి, ఫొటో తీసే క్షణంలో బ్లేడ్లు వాటంతటవే మూసుకునే ఆటో లెన్స్ అయితే వేరే మాట, అక్కడ బ్లేడ్లు అతుక్కుంటే టైముకి మూసుకోవు, ఫొటో తెల్లబోతుంది. ఇక్కడ ఆ బాధే లేదు. అలవాటు లేనివాడు మర విడదీస్తే చెడేదే ఎక్కువ.

బోకేబావ: కుట్టుమిషన్ ఆయిల్ రెండు చుక్కలు వేస్తే?

గరంగరం: బావా, పాపం తగుల్తది. నాలుగు దినాలు మెత్తగ తిరుగుతది, తర్వాత అంత బ్లేడ్ల మీదికే వస్తది. డబ్ల్యూడీ-40 అని అడిగేటోళ్లకి కూడా గిదే జవాబు.

పాతఇనుము: స్ప్రింగు లేదు, సరే. బ్లేడ్ల మీది నూనె వేడికి ఆవిరై పక్కనున్న గాజు మీద పొరలా కూర్చుంటుంది. ఎదురు వెలుతురులో ఫొటో మసకబారేది అందుకే. దానికి స్ప్రింగుతో పనేముంది?

తీరంవాసి: మీరు చెప్పినట్టే విప్పే ఒక షాపులో నా హీలియోస్ ఇచ్చాను. తిరిగొచ్చాక దూరం ఫోకస్ అవ్వడం లేదు. రెండు మూడు మీటర్లు దాటితే అంతా మసకే. అందుకే విప్పడం అంటేనే భయం. డబ్బులూ పోయాయి.

సులువుదారి: అదిగో. చూశారా పాతఇనుము గారూ?

పాతఇనుము: ఏ కెమెరా మీద పెట్టారు?

తీరంవాసి: కొత్తగా కొన్న నికాన్ డీఎస్ఎల్ఆర్ (ఎఫ్ మౌంట్) మీద, గాజు లేని అడాప్టర్‌తో. దానికీ దీనికీ సంబంధం ఏమిటి? పాడుచేసింది షాపువాడు.

గరంగరం: సంబంధం గదే అన్నా. ఎం42కి మౌంట్ నుంచి ఫిల్మ్ దాకా 45.46 ఎంఎం, నికాన్ ఎఫ్‌కి 46.5. లెన్స్ ఒక మిల్లీమీటర్ ముందుకి జరిగి కూసున్నట్టే. 58 ఎంఎంకి గా మిల్లీమీటర్‌తోటి మూడు మీటర్ల కాడనే ఆగుతది. గ్రీజు కొత్తదైనా పాతదైనా గింతే. కెనాన్ ఈఎఫ్ మీద పెట్టి చూడు, దానిది 44, మిగతాది అడాప్టర్ మందంతోటి సరిపోతది.

తీరంవాసి: అయినా షాపువాడు చెప్పాలి కదా.

కొత్తకటకం: గ్రీజు ఏది? బండి షాపులో దొరికే లిథియం గ్రీజు సరిపోతుందా?

గరంగరం: వద్దు తమ్మీ. అది చక్రం బేరింగుకి. రింగుకి ఉండాల్సిన బరువు రాదు, ముట్టుకుంటే జారుతది. మే ఎండల కారులో పెట్టినవంటే నూనె విడిపోయి కారుతది. హెలికాయిడ్ల కోసమే చేసే డ్యాంపింగ్ గ్రీజు ఉంటది, హెలిమాక్స్ అని, నైయోజెల్ అని. మధ్యరకం చాలు. పాతదంతా నాఫ్తా (లైటర్ ఫ్లూయిడ్ గదే, విప్పినంక వాడితే ఫర్వాలేదు), బ్రష్‌తో పోవాలె. మర సందుల్ల టూత్‌పిక్ తిప్పు, గుడ్డకి నలుపు అంటకుండ అయ్యేదాక. ఒక్కో మరకి వరిగింజంత గ్రీజు పూసి, ఎక్కించి పదిసార్లు అటూ ఇటూ తిప్పి, అంచుకి వచ్చింది తుడిచెయ్యి. ఎక్కువ పెడితే మళ్లీ బ్లేడ్ల కథే.

సులువుదారి: ఆ గ్రీజు డబ్బా ధర, లెన్స్ గాడీల్లో మొనలు పెట్టి తిప్పే స్పానర్ ధర కలిపితే ఇంకో హీలియోస్ వస్తుంది. ఇంత చవక లెన్స్‌కి ఇంత పూజా? నేనెన్నో లెన్సులు ఫ్లూయిడ్‌తోనే వదులు చేశా, ఒక్కరూ తిరిగి పంపలేదు.

పాతఇనుము: "తిరిగి పంపలేదు" అంటే అమ్ముతున్నారన్నమాట. అమ్మకాల విభాగంలో మీ పోస్టులు ఇప్పుడే చూశా. అన్నింటికీ "సర్వీస్ చేసినది" అని ఉంది!

సులువుదారి: రింగ్ తిరుగుతోంది కదా. కొనేవాడికి కావాల్సింది అదే.

పాతఇనుము: ఆరు నెలలకి బిగుసుకున్నాక అతనికి ఏం కావాలి? మరకి మర అల్యూమినియమే అయితే, ఎండిన జిడ్డులో ఇసుక రేణువులతో బలవంతంగా తిప్పితే లోహం లోహాన్ని గీకి పట్టేస్తుంది. అప్పుడు ఎవరూ విప్పలేరు. మీ లెన్స్‌లో మీరు కిరోసిన్ పోసుకున్నా నాకేం? ఇంకొకరికి సర్వీస్ అని అమ్మడమే నేను ఒప్పుకోనిది.

సులువుదారి: ఇదీ అసలు కోపం! మొదటి పోస్టులోనే ఈ మాట అనొచ్చుగా. సరే, "రింగ్ వదులు చేసినది" అని రాస్తా. "విప్పలేదు" అని కూడా రాయాలా?

పాతఇనుము: రాయాలి.

సులువుదారి: రాస్తే సగం ధరే వస్తుంది.

పాతఇనుము: దాని ధర అదే.

బోకేబావ: పాప్‌కార్న్ అయిపోయింది.

కొత్తకటకం: నాది అమ్మకానికి కాదు, విప్పుతున్నా. లెన్స్ ముందువైపు పేరు రాసున్న రింగ్‌కి గాడి ఏమీ కనబడటం లేదు, స్పానర్ ఎక్కడ పెట్టాలి?

గరంగరం: దానికి స్పానర్ వద్దు. రింగ్ సైజుకి సరిపోయే రబ్బరు మూత నొక్కిపట్టి తిప్పు, వచ్చేస్తది. జారితే చేతులకి, రింగ్‌కి ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) తుడిచి మళ్లీ చెయ్యి. స్పానర్ లోపలి గాడీలకే. దాని మొనలు గాడిల పూర్తిగ కూసున్నంక బిగించి అప్పుడు తిప్పు. జారిందంటే గీత గాజు మీదనే పడ్తది.