మారథాన్ ప్రాక్టీస్‌లో ఉన్నా, సోమవారాలు గడవట్లేదు

హన్మకొండలో ఉంటా. 42.195 కిలోమీటర్ల ఫుల్ మారథాన్‌కు తయారవుతున్నా. పొద్దున నాలుగింటికి లేచి వడ్డేపల్లి చెరువు కట్ట మీద ఉరుకుతున్నా, ఆదివారం 28 కిలోమీటర్లు అయ్యేసరికి టీషర్ట్ మీద తెల్లగా ఉప్పు చారలు, సోమవారం ఆఫీసులో కళ్లు మూతపడుతున్నాయి. ఏం తినాలన్నా?

జవాబు: చెమటలో సోడియం పోతోంది తమ్ముడూ, ఉత్త నీళ్లు చాలవు, ఓఆర్‌ఎస్ కలుపుకో. ముందురోజు రాత్రి అన్నం కడుపునిండా తిను, కండరాల్లో గ్లైకోజెన్, అంటే ఉరకడానికి దాచుకునే శక్తి, నిండాలి. ఉరకడం గంట దాటితే ఖర్జూరం నములు.

జవాబు: తిండి సరే, నిద్ర ఏది? నాలుగింటికి లేచేవాడివి తొమ్మిదికే పడుకోవాలి. లాంగ్ రన్ పక్కవాళ్లతో మాట్లాడగలిగేంత నెమ్మదిగా ఉరుకు.

రేస్ స్పీడ్‌లోనే ఉరుకుతున్నా అక్కా! ఈ ఆదివారం తగ్గిస్తా.