టెక్సస్‌లో తమ్ముడి లైసెన్స్ వెరిఫికేషన్ పెండింగ్ అంటున్నారు, ఏం చేయాలి?

ప్రశ్న (మిర్యాలగూడ నుంచి):
అందరికీ నమస్తే. మా తమ్ముడు ఎమ్మెస్ కోసం ఈమధ్యే డాలస్ దగ్గరికి వెళ్లాడు. అక్కడ డ్రైవింగ్ లైసెన్స్ ఆఫీసులో పాస్‌పోర్టు, ఐ-20 (యూనివర్సిటీ ఇచ్చే విద్యార్థి పత్రం) చూపించినా కంప్యూటర్‌లో వెరిఫై కావట్లేదని వెనక్కి పంపారట. ఆధార్, పదో తరగతి మెమో కూడా పట్టుకెళ్లాడు, వాటిని చేతిలోకి కూడా తీసుకోలేదట. వీసాలో ఏదో తేడా ఉందేమోనని అమ్మకి ఒకటే టెన్షన్. వేరే రాష్ట్రం అడ్రస్ పెట్టి లైసెన్స్ ఇప్పిస్తానని ఒకాయన డబ్బులు అడుగుతున్నాడు. ఇవ్వొచ్చా?

జవాబు (దేవరకొండ నుంచి):
అక్కా, ఆ ఒకాయనకి రూపాయి కూడా ఇవ్వకండి. ముందు ఇది చెప్పాలనిపించింది. ఉండని చోటు అడ్రస్ పెట్టి లైసెన్స్ తీసుకుంటే అది అబద్ధపు వాంగ్మూలం కిందికి వస్తుంది, రేపు తమ్ముడి వీసాకే ఎసరు వస్తుంది.

ఇక అసలు విషయం. పెండింగ్ అంటే వీసా రద్దయిందని కాదు, అమ్మకి ఈ మాట గట్టిగా చెప్పండి. అక్కడ కౌంటర్‌లో ఉన్నవాళ్లు పాస్‌పోర్టు చూసి సరే అనేస్తే అయిపోదు. అమెరికాలో ఇమ్మిగ్రేషన్ శాఖ నడిపే సేవ్ అనే సిస్టమ్ ఒకటి ఉంది, లైసెన్స్ ఆఫీసు మనవాడి పేరు, పుట్టిన తేదీ, ఐ-94 (దేశంలోకి వచ్చినప్పుడు నమోదయ్యే ఎంట్రీ రికార్డు) నంబరో సెవిస్ (విదేశీ విద్యార్థుల వివరాలుండే ప్రభుత్వ రికార్డు) నంబరో అందులో కొట్టి అడుగుతుంది. అన్నీ కలిస్తే క్షణాల్లో జవాబు వస్తుంది, ఒక్క అక్షరం తేడా ఉన్నా మనిషి చూసి తేల్చే వరకు రోజులు పడుతుంది. కాబట్టి మళ్లీ మళ్లీ క్యూలో నిలబడటం కంటే రికార్డు ఎక్కడ తప్పిందో వెతకడం ముఖ్యం.

మన పిల్లలకి ఎక్కువగా దెబ్బ పడేది పేరు దగ్గరే. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేసి మొత్తం పేరు ఒకే గడిలో రాయించుకున్నవాళ్లు మన జిల్లాల్లో చాలామంది ఉన్నారు. అలాంటివాళ్లకి అమెరికా వీసాలో ఆ పేరంతా ఇంటిపేరు గడిలోకి వెళ్లి, అసలు పేరు గడిలో ఎఫ్ఎన్‌యూ (అసలు పేరు తెలియదు అని) పడుతుంది. ఇప్పుడు ఐ-94లో ఒక తీరు, యూనివర్సిటీ రికార్డులో ఇంకో తీరు ఉంటే కంప్యూటర్ ఇద్దరు వేరే మనుషులు అనుకుంటుంది. తమ్ముడిని పాస్‌పోర్టు, వీసా, ఐ-20, ఐ-94 నాలుగూ పక్కపక్కన పెట్టుకుని అక్షరం అక్షరం చూసుకోమనండి. ఐ-94లో తప్పుంటే కస్టమ్స్ అండ్ బోర్డర్ ప్రొటెక్షన్ వాళ్ల డిఫర్డ్ ఇన్‌స్పెక్షన్ ఆఫీసులో సరిచేస్తారు. ఐ-20లో తప్పయితే యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల పత్రాలు చూసే అధికారి, డీఎస్ఓ అంటారు, ఆయన్ని కలవాలి. ఇంకోటి, దేశంలోకి అడుగుపెట్టిన ప్రతిసారీ ఐ-94 కొత్తది వస్తుంది, పాత ప్రింటు పట్టుకెళ్తే పని జరగదు.

కొత్తగా వెళ్లాడన్నారు కాబట్టి ఇది కూడా అడగండి: డీఎస్ఓ సెవిస్‌లో అతన్ని యాక్టివ్ చేశారా? దిగిన తర్వాత పది రోజులు, యాక్టివ్ అయ్యాక కనీసం రెండు రోజులు ఆగి వెళ్లమని విద్యార్థులకి అక్కడి ప్రభుత్వమే చెబుతుంది. చాలామంది ఈ తొందరలోనే ఇరుక్కుంటారు.

ఆధార్, మెమో తీసుకోకపోవడం వాళ్ల పొగరు కాదు. లైసెన్సులు ఎలా ఇవ్వాలో చెప్పే, 2005లో వచ్చిన రియల్ ఐడీ చట్టం ప్రకారం విదేశీ గుర్తింపు పత్రాల్లో పాస్‌పోర్టు తప్ప ఇంకేదీ ఒప్పుకోకూడదు. పాస్‌పోర్టుకైనా వీసా, ఐ-94 జత ఉండాలి. పాస్‌పోర్టులో ఫొటో ఉన్న పేజీ కింద 44 అక్షరాల చొప్పున రెండు వరుసలు ఉంటాయి చూడండి, వాటిలో లెక్క సరిపోవాల్సిన అంకెలు ఉంటాయి, ఎవరైనా పుట్టిన తేదీ మారిస్తే అక్కడే దొరికిపోతుంది. అందుకే ఆ పేజీ మీద మరకలు, స్టేప్లర్ పిన్నులు లేకుండా చూసుకోవాలి.

ప్రశ్న (జడ్చర్ల నుంచి):
అన్నా, మా అమ్మాయి పాస్‌పోర్టుని లైసెన్స్ ఆఫీసులో స్కాన్ చేసి, ఆ కాపీ వాళ్ల దగ్గరే ఉంచుకున్నారట. అది బయటికి పోదా?

జవాబు (దేవరకొండ నుంచి):
స్కాన్ తీసినవి కనీసం పదేళ్లు దాచాలని ఆ రియల్ ఐడీ చట్టమే చెబుతుంది, ఆ పని చేసే ఉద్యోగుల వేలిముద్రలు తీసుకుని పాత కేసులు ఉన్నాయా చూస్తారు, నకిలీ పత్రాలు పట్టుకోవడంలో శిక్షణ ఇస్తారు. అయినా భయం పూర్తిగా తప్పు కాదు. 2023 జూన్‌లో ఫైళ్లు పంపుకునే ఒక సాఫ్ట్‌వేర్‌లో లోపం వల్ల ఒరెగాన్‌లో దాదాపు 35 లక్షల మంది లైసెన్స్, ఐడీ కార్డుల వివరాలు బయటపడ్డాయి, లూసియానాకీ అదే గతి పట్టింది. అదే ఏడాది టెక్సస్‌లో ఇంకోటి తెలిసింది, ఇది మనవాళ్లు బాగా గుర్తుపెట్టుకోవాలి. ఒక ముఠా దొంగిలించిన వివరాలతో ప్రభుత్వ సైట్లోకి వెళ్లి భద్రతా ప్రశ్నలకి సరైన జవాబులే ఇచ్చి, ఆసియా మూలాలున్నవాళ్ల పేరు మీద వేల సంఖ్యలో డూప్లికేట్ లైసెన్సులు తెప్పించుకుంది. అంటే తాళం పగలగొట్టలేదు, తాళంచెవి ఎక్కడో దొరికింది.

మనం ఇక్కడ ఏం చేస్తున్నాం మరి? పిల్లల పాస్‌పోర్టు క్లాక్ టవర్ దగ్గర జిరాక్స్ షాపు వాట్సాప్‌కి పంపి ప్రింట్ తీయించుకుంటాం, ఆ ఫైలు వాళ్ల కంప్యూటర్‌లో ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది. ఎదురుగా నిలబడి డిలీట్ చేయించండి. కాపీ మీద ఎందుకు ఇస్తున్నామో, ఏ తేదీనో అడ్డంగా రాయండి. అమ్మాయికి 'లైసెన్స్ ఆగిపోతుంది, ఈ లింకులో డబ్బు కట్టు' అని మెసేజ్ వస్తే ముట్టుకోవద్దని చెప్పండి, అక్కడ అవి తెగ వస్తున్నాయి. ఏదైనా చూడాలంటే డాట్ గవ్ అని ముగిసే ప్రభుత్వ సైటు తనే టైప్ చేసుకుని వెళ్లాలి.

మళ్లీ మిర్యాలగూడ నుంచి:
అన్నా, చాలా థాంక్స్. చూస్తే ఐ-94లో పేరు తిరగబడి ఉందట. ఇక్కడి నుంచి నేనే ఫోన్ చేసి కనుక్కోనా?

జవాబు:
మీకు చెప్పరు అక్కా, తమ్ముడే వెళ్లాలి. ముందు ఆ ఐ-94 సరిచేయించుకుని, కొత్త ప్రింటుతో లైసెన్స్ ఆఫీసుకి వెళ్లి మళ్లీ వెరిఫై చేయమని అడగమనండి. వాళ్లు సేవ్ కేసు నంబరు ఇస్తే రాసుకోమనండి, ఆ నంబరు, పుట్టిన తేదీ కొడితే సేవ్ కేస్‌చెక్‌లో ఎంతవరకు వచ్చిందో ఇంట్లో కూర్చునే చూసుకోవచ్చు. ఆ నంబరు గ్రూపులో మాత్రం పెట్టకండి.