నాయినకు ఊపిరితిత్తుల్ల ఫంగస్ అంటున్రు, ఎవరికన్న అనుభవం ఉందా?

మాది నల్గొండ దగ్గర పల్లె. నాయినకు 62, సీఓపీడీ (ఊపిరి సరిగ ఆడని పాత ఊపిరితిత్తుల రోగం) ఉంది, అంతకుముందు టీబీ వచ్చి తగ్గింది. మూడు నెలల సంది దగ్గు తగ్గుతలేదు, బక్కగైండు, మొన్న తువ్వాలకు రక్తం అంటింది. ఒక దవాఖానల తెమడ పరీక్ష చెయ్యకుండనే మళ్ల టీబీ మందులు రాసిన్రు, వేరేకాడ చేపిస్తే టీబీ లేదన్నరు, సీటీ స్కాన్‌ల పాత టీబీ గుంతల ఉండ లెక్క ఉందంట, ఆస్పర్‌జిల్లస్ అనే ఫంగస్ అంటున్రు. ఇది అంటుకుంటదా? ఇంట్ల చిన్నపిల్లలున్నరు.

జవాబు, మిర్యాలగూడ:
మనిషి నుంచి మనిషికి అంటుకోదన్నా, పిల్లల గురించి భయపడకు. ఆ బూజు గాలిల అంతట ఉంటది, గుంతలున్న ఊపిరితిత్తులల్ల ఇట్ల పాతుకుంటది. మా అమ్మకు ఇదే, ఆస్పర్‌జిల్లస్ ఐజీజీ రక్తపరీక్ష చేసి ఇట్రాకొనజోల్ అనే ఫంగస్ మందు పెట్టిన్రు, కనీసం ఆరు నెలలన్నరు. క్యాప్సూల్ అన్నం తిన్నంక వెంటనే వెయ్యాలె, గ్యాస్ గోలీ దాంతోని వేస్తే మందు ఒంటికి సరిగ పట్టదు.

జవాబు, మహబూబ్‌నగర్:
పీల్చే మందుల స్టెరాయిడ్ ఉంటే డాక్టర్‌కు చూపియ్యి తమ్మీ, ఇట్రాకొనజోల్‌తోని కొన్ని స్టెరాయిడ్లు ఒంట్ల పెరుగుతయి, కానీ నువ్వే బంద్ చెయ్యకు. తడిసి నల్లబడ్డ వరిగడ్డి కాడికి, పెంటకుప్ప కాడికి పోనియ్యకు, మోపు ఇప్పంగనే బూడిద లెక్క లేస్తది చూడు, అదే బూజు. రక్తం ఎక్కువ పడితే రాత్రైనా ఆగకుండ తీస్కపో.

అడిగినాయన:
గ్యాస్ గోలీ రోజూ పొద్దుగాల వేస్తుండు, రేపే అడుగుత. గడ్డివాము పని ఇయ్యాల్టి సంది నేనే చూస్కుంట అన్నా.