30 ఓట్లతో ఓడినాయన 43 ఓట్లతో ఎలా గెలిచాడు?

టెంపీ కోడలు:
మొన్న ఆదివారం అత్తయ్యగారిని పాపగో పార్కుకి తీసుకెళ్లాం. గుట్ట మీద తెల్లటి పిరమిడ్ చూసి "అమ్మాయ్, ఇదేం గుడి?" అన్నారు. గుడి కాదండీ, అరిజోనా మొదటి గవర్నర్ జార్జ్ హంట్ సమాధి అన్నాను. ఇంటికొచ్చి చదివితే 1916 ఎన్నికల్లో ఆయన ఓడాడని ఒకచోట, గెలిచాడని ఇంకోచోట ఉంది. ఏది నిజం?

చాండ్లర్ బాబాయ్:
రెండూ నిజమేనమ్మా. మొదటి లెక్కలో డెమొక్రాట్ హంట్ కంటే రిపబ్లికన్ టామ్ క్యాంప్‌బెల్‌కి 30 ఓట్లు ఎక్కువొచ్చాయి. 1917 జనవరి 1న ప్రమాణం కూడా చేశాడు. హంట్ గది ఖాళీ చేస్తేగా! పాపం, కొత్తాయన సొంతింట్లోనే ఆఫీసు పెట్టుకున్నాడు. ఆ నెలాఖర్లో అరిజోనా సుప్రీంకోర్టు చెబితే గానీ హంట్ కదల్లేదు. కేసు మాత్రం వదల్లేదు. కింది కోర్టులో ఓడి పైకి వెళ్లాడు. డిసెంబరు 22న సుప్రీంకోర్టు 43 ఓట్లతో హంటే గెలిచాడంది.

గొడవంతా బ్యాలెట్ దగ్గర. పార్టీ మొత్తానికి ఒకే గుర్తు పెట్టే వీలుండేది. కొందరు డెమొక్రాట్లకి అలా గుర్తు పెట్టేసి, కిందికొచ్చి క్యాంప్‌బెల్ పేరు దగ్గర ఇంకోటి పెట్టారు. ఇప్పుడా ఓటు ఎవరిది? ఇండియాలో మా నాన్నగారు టీచరు, కౌంటింగ్ డ్యూటీకి వెళ్లేవారు. స్వస్తిక్ ముద్ర రెండు గుర్తుల మధ్య గీత మీద పడితే చాలు, ఏజెంట్లు బల్ల మీదకి వంగిపోయి అరుచుకునేవారట. ఒక్క కాగితానికే అంత రభస!

రాగిగని:
1917 జూలైలో అరిజోనాలోనే బిస్బీ గనుల్లో సమ్మె చేసిన దాదాపు 1,200 మందిని పశువుల రైలు పెట్టెల్లో ఎక్కించి న్యూమెక్సికోలో దింపేశారు కదా. అప్పుడు కుర్చీలో ఎవరున్నారు?

చాండ్లర్ బాబాయ్:
క్యాంప్‌బెలే. హంట్‌కి కార్మికుల అండ ఎక్కువ. ఆయనుంటే ఏమయ్యేదో అని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

టెంపీ కోడలు:
థాంక్యూ బాబాయ్ గారూ. అత్తయ్యగారికి చదివి వినిపించాను. "అయితే ఆ ఏడాది జీతం ఎవరికిచ్చారే?" అంటున్నారు!

చాండ్లర్ బాబాయ్:
అసలు ప్రశ్న ఆవిడే అడిగారు! క్యాంప్‌బెల్‌కి మాత్రం పైసా రాలేదు, ఏడాదంతా ఊరికే చేశాడు. 1918లో మళ్లీ నిలబడి 339 ఓట్లతో గెలిచాడు. ఈసారి పోటీలో హంట్ లేడు లెండి.