కంపనాల నుంచి కరెంటు: స్ప్రింగు మార్చాలా, కాయిల్ మార్చాలా?

సెన్సర్_సాధన: మోటారు బేరింగు పక్కన పెట్టే వైర్‌లెస్ సెన్సర్‌కు బ్యాటరీ లేకుండా, ఆ మోటారు కంపనంతోనే కరెంటు ఇవ్వాలి. స్ప్రింగు మీద అయస్కాంతం ఊగుతుంది, పక్కనే కాయిల్. ఊగే బరువు 50 గ్రాములు, కంపన త్వరణం 0.5 మీ/సె². మోటారు 50 హెర్ట్జ్ సరఫరా మీద నడిచే నాలుగు పోళ్ల ఇండక్షన్ రకం. లోడు తక్కువైతే నిమిషానికి 1480 చుట్లు, ఫుల్ లోడులో 1440. అంటే కంపనం 24.67 నుంచి 24 హెర్ట్జ్ దాకా జారుతుంది. మామూలు స్ప్రింగా, అయస్కాంతాల వికర్షణతో చేసే నాన్‌లీనియర్ స్ప్రింగా (సాగేకొద్దీ బిగుతు మారేది)? మా టీము రెండు వర్గాలైంది.

వికర్షణ: మామూలు స్ప్రింగు వద్దండి. మెకానికల్ డ్యాంపింగ్ (ఊపును తగ్గించే నిరోధం) నిష్పత్తి 0.005 అనుకుని ఎలక్ట్రికల్‌ది (కాయిల్ నుంచి కరెంటు తీసుకోవడం వల్ల వచ్చేది) కూడా అంతే పెడితే, అనునాదం (కంపనం స్ప్రింగు సహజ ఫ్రీక్వెన్సీతో కలిసే చోటు) దగ్గర దాదాపు 1 మిల్లీవాట్ వస్తుంది. కానీ బ్యాండ్ (కనీసం సగం పవర్ దొరికే ఫ్రీక్వెన్సీల వెడల్పు) అర హెర్ట్జే. 24.67కి ట్యూన్ చేస్తే, 24కి జారేసరికి అందులో ఎనిమిదో వంతు మిగలడం కూడా కష్టం. వికర్షణతో చేసే, ఊపు పెరిగేకొద్దీ గట్టిపడే స్ప్రింగయితే పెద్ద ఊపు చాలా వెడల్పున దొరుకుతుంది. పైగా మోటారు స్టార్టయ్యేటప్పుడు వేగం కింది నుంచి పైకే పెరుగుతుంది కాబట్టి ఆ ఊపు అందుకోవడమూ సులువు.

తీగచుట్ట: వికర్షణ గారూ, అందుకున్నాక నిలవాలి కదా. గట్టిపడే స్ప్రింగుకు ఒకే ఫ్రీక్వెన్సీలో రెండు స్థిరమైన ఊపులుంటాయి, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. ఎవరో పక్కన సుత్తితో కొట్టినా, లోడు కుదుపిచ్చినా చిన్నదానిలోకి పడిపోవచ్చు. పడ్డాక మళ్లీ పెద్ద కుదుపో, మోటారు ఆగి స్టార్టవడమో జరిగేదాకా అక్కడే ఉంటుంది. వారాల తరబడి ఆగకుండా నడిచే మోటార్లున్నాయి. ఎప్పుడు పనిచేస్తుందో తెలియని సోర్స్‌ను నమ్మి సెన్సర్ పెట్టలేం.

నా మాట: మామూలు స్ప్రింగే ఉంచి ఎలక్ట్రికల్ డ్యాంపింగ్‌ను 0.02కి పెంచండి. ట్యూనింగ్ 24.3 హెర్ట్జ్. గరిష్ఠ పవర్ 0.64 మిల్లీవాట్‌కు తగ్గుతుంది, బ్యాండ్ మాత్రం దాదాపు 1.2 హెర్ట్జ్ అవుతుంది. రెండు చివర్లలోనూ సగం మిల్లీవాట్ దగ్గర్లో వస్తుంది. మెకానికల్ డ్యాంపింగ్ పెంచితే శక్తి వేడిగా పోతుంది. ఎలక్ట్రికల్ డ్యాంపింగ్ అంటే మనం తీసుకుంటున్న కరెంటే. ఈ తేడాను డిజైన్‌లో వాడుకోవాలి.

వికర్షణ: మొత్తం లోడుకే చేరదు కదండీ. డ్యాంపింగ్ పెంచాలని లోడు రెసిస్టెన్స్ తగ్గిస్తే కాయిల్ రెసిస్టెన్స్ తన వాటా లాగేసుకుంటుంది. రెండూ సమానమైన చోట సగం కాయిల్‌లోనే వేడి.

సెన్సర్_సాధన: చుట్లు పెంచితే?

తీగచుట్ట: అంతే జాగాలో చుట్లు రెండింతలు చేస్తే తీగ సన్నబడుతుంది. వోల్టేజి రెండింతలు, రెసిస్టెన్స్ నాలుగింతలు. పవర్ అక్కడే ఉంటుంది. ఏసీని డీసీగా మార్చే రెక్టిఫయర్ డయోడ్ దాటడానికి వోల్టేజి చాలకపోతేనే చుట్లు పెంచండి. వికర్షణ గారి అభ్యంతరం నిజమైనదే, దానికి జవాబు అయస్కాంతం వైపు ఉంది: కాయిల్‌కూ అయస్కాంతానికీ మధ్య గ్యాప్ తగ్గించడం, వెనక ఇనుప పలక పెట్టడం, ఎదురెదురు ధ్రువాల అయస్కాంతాలను పక్కపక్కన అమర్చి ఫ్లక్స్ (అయస్కాంత ప్రవాహం) ఒక్కసారిగా మారేచోట కాయిల్ ఉంచడం. 0.02 దగ్గర ఊపు అర మిల్లీమీటరు కూడా లేదు, కాబట్టి గ్యాప్ బాగా బిగించొచ్చు.

బేరింగ్_వాణి: 100 హెర్ట్జ్ కంపనం చూశారా? సరఫరా నుంచి వచ్చే ఆ హమ్ స్లిప్‌తో (లోడు పెరిగితే మోటారు వేగం తగ్గడంతో) జారదు. అదే త్వరణం ఉంటే పవర్ నాలుగో వంతే, కానీ కొన్ని మోటార్లలో అది బలంగానే ఉంటుంది.

వికర్షణ: ఈ లెక్కలన్నీ జారుడు 0.67 హెర్ట్జే కాబట్టి. వీఎఫ్‌డీ (సరఫరా ఫ్రీక్వెన్సీ మార్చి వేగం మార్చే పరికరం) మీద వేగం సగానికి పడే మోటారైతే తీగచుట్ట గారి కాయిల్ ఏం చేస్తుంది?

తీగచుట్ట: ఏమీ చేయదు. త్వరణం ఇంతే ఉంటే అక్కడ మీ స్ప్రింగునూ నమ్మను, బ్యాటరీయే పెడతాను. సాధన గారూ, మీ మోటారు నేరుగా సరఫరా మీదే ఉందా?

సెన్సర్_సాధన: నేరుగానే. ముందు 100 హెర్ట్జ్ దగ్గర త్వరణం కొలిచి ఇక్కడే పెడతాను.