ఓలియోరెసిన్‌కి వెళ్ళే మిర్చికి ఏసీ (కోల్డ్ స్టోరేజీ) కావాలా, కల్లంలోనే పోతోందా సరుకు?

కల్లం_కాపలా:
మిర్చి మార్కెట్ యార్డులో డీలక్స్, బెస్ట్, మీడియం అని కంటితో చూసి కొంటారు. ఓలియోరెసిన్ (మిర్చి రంగు, ఘాటు ఉండే చిక్కటి సారం) తీసే ఫ్యాక్టరీ ల్యాబు కాగితం చూసి కొంటుంది: రంగుకి ఆస్టా అనే కొలత, ఘాటుకి ఎస్‌హెచ్‌యూ (స్కోవిల్ యూనిట్లు). కాయ నిగనిగ, పొడుగు వాళ్ళకి అక్కర్లేదు. మరి ఫిబ్రవరి, మార్చి కోత కాయని సెప్టెంబరు దాకా ఆపాలంటే టిక్కీలు (మిర్చి బస్తాలు) ఏసీలో పెట్టాల్సిందేనా? ఎలాగూ పొడి కొట్టి హెక్సేన్ అనే ద్రావకంలో కడిగేసే కాయకి ఏసీ అద్దె దండగ అని కొందరు, ఏసీ లేకపోతే రంగు మిగలదని కొందరు. లెక్క తెలిసినవాళ్ళు చెప్పండి.

నల్లపాడు_ఏసీ:
రకం చెప్పకుండా ఈ ప్రశ్నకి జవాబు లేదు. తేజ కొనేది ఘాటుకి. ఘాటు క్యాప్సైసిన్‌ది. అది గింజలో ఉంటుందనుకుంటారు గానీ, ఉండేది గింజలు అంటుకుని ఉండే లోపలి తెల్ల పొరలో. శుద్ధ క్యాప్సైసిన్ 1.6 కోట్ల ఎస్‌హెచ్‌యూ; కాయలో అర శాతం ఉంటే 80,000. కాయ పొడిగా, పగలకుండా ఉంటే ఇది అంత తొందరగా తగ్గదు.

బ్యాడిగి రకాలు కొనేది రంగుకి. ఆ రంగు క్యాప్సాంథిన్, దాని చుట్టాలు. వాటికి వెలుతురు, గాలి, వేడి మూడూ పడవు. కాబట్టి తేజ మంచి పొడి గోదాములో నాలుగైదు నెలలు ఉండొచ్చు. బ్యాడిగి మాత్రం ఏప్రిల్ ఎండలు ముదరకముందే లోపలికి పోవాలి: 4 నుంచి 6 డిగ్రీలు, గాలిలో తేమ 60-65 శాతం. ఇందులో వాదనకి చోటెక్కడుంది?

మగ్గబెట్టు:
ఉంది సార్. ఏసీ ఉన్న రంగుని కాపాడుతుందే తప్ప పోయినదాన్ని తెచ్చి పెట్టదు. రంగు పోయేది కల్లంలో. వరసగా చెప్తాను.

కోత: కాయ ఎర్రబడగానే కోయకండి. రంగు కోసం పండించేటప్పుడు చెట్టు మీదే తోలు ముడతపడి కాస్త వాడనివ్వాలి. ఎర్రబడ్డాక కూడా రంగు ఊరుతూనే ఉంటుంది, పైగా తేమ కొంత చెట్టు మీదే దిగిపోతుంది. ఆలస్యం చేస్తే అకాల వాన, కాయకుళ్ళు భయం ఉన్నమాట నిజమే. అయినా పచ్చిగీత ఉన్న కాయ కోసి "కల్లంలో తిరుగుతుందిలే" అనుకోవడం తప్పుడు లెక్క. అది తిరగదు, తాలు (రంగులేని నాసిరకం కాయ) అవుతుంది.

మగ్గబెట్టడం: కోసిన కాయని ఒకటి రెండు రోజులు నీడలో కుప్ప పోస్తారు. ఎర్రబడినా అక్కడక్కడా రంగు తక్కువున్న కాయ సమానమవుతుంది. కుప్ప ఎత్తు రెండడుగులు దాటకూడదు. చెయ్యి మోచేతి దాకా లోపలికి పెట్టి చూడండి, వెచ్చగా తగిలితే వెంటనే విప్పేయాలి. రెండు రోజులు దాటితే అడుగు కాయ ఉడికినట్టయి తొడిమ దగ్గర బూజు పుడుతుంది. ఆ బూజు వదిలే విషమే తర్వాత అఫ్లాటాక్సిన్ పేరుతో ల్యాబు కాగితంలో తేలుతుంది.

ఆరబెట్టడం: వట్టి నేల మీదా, పేడ అలికిన కల్లం మీదా వద్దు, పట్ట మీద రెండు మూడంగుళాల మందం. పొద్దున మంచు ఆరాక పరచాలి, రెండు గంటలకోసారి తిరగేయాలి, సాయంత్రం నాలుగున్నరకల్లా కుప్ప చేసి పట్ట కప్పాలి. కప్పకుండా వదిలేసిన రాత్రి కాయ మంచు తాగుతుంది, మర్నాడు ఎండ అదే చోట కొడుతుంది, తెల్ల మచ్చ వస్తుంది. మచ్చ పడిన చోట రంగు లేనట్టే.

పచ్చికాయలో తేమ 75 శాతం అనుకుంటే 100 కిలోలకి పొడి పదార్థం 25 కిలోలు. 10 శాతం తేమకి దింపితే 27.8 కిలోల ఎండుకాయ. చేతికొచ్చింది 30 దాటిందంటే సంతోషించకండి, తేమ 16, 17 శాతం ఉన్నట్టు. చెవి దగ్గర ఊపితే గింజ గలగలలాడాలి. వంచితే వంగాలి, విరక్కూడదు.

లాం_రోడ్డు:
కల్లంలో ఎంత జాగ్రత్తపడ్డా పది పదిహేను రోజులు ఎండలోనే కదా అన్నా. వెలుతురు పడదని తెలిసిన రంగుని అన్ని రోజులు ఎండలో పరిచి, ఆనక ఏసీలో దాచడమేంటి? ప్లాస్టిక్ కప్పిన సోలార్ టన్నెల్ డ్రయ్యర్లో ఐదారు రోజుల్లో అయిపోతుంది. దుమ్ము, కుక్కలు, వాన బెడద లేదు.

మగ్గబెట్టు:
మధ్యాహ్నం రెండింటికి ఆ డ్రయ్యర్లో థర్మామీటరు పెట్టి చూశారా తమ్ముడూ? ఫ్యాను చాలకపోతే 65 దాటుతుంది. మిర్చికి 50-55 చాలు, 60 దాటకూడదు. దాటితే కాయలోని చక్కెరలు మాడి రంగు గోధుమకి తిరుగుతుంది. కంటికి "ముదురు ఎరుపు" లాగే ఉంటుంది, ఆస్టా మాత్రం పడిపోతుంది.

ఇంకోటి, మొదటి రెండు రోజులు కాయ వదిలే నీళ్ళు తక్కువేం కావు. తడిగాలి బయటికి పోయే దారి లేకపోతే రాత్రికి ప్లాస్టిక్ లోపలివైపు చెమట పట్టి చుక్కలు చుక్కలుగా కాయ మీదే పడుతుంది. పొద్దునకి పై వరస అంతా మచ్చ.

లాం_రోడ్డు:
అది డ్రయ్యర్ తప్పు కాదు, కట్టినవాడి తప్పు. గాలి బయటికి లాగే ఫ్యాను తేమ ఎక్కువున్నన్నాళ్ళు రాత్రీ ఆడాలి. కాయ మెత్తబడి ముడత పడ్డాక పైన షేడ్‌నెట్ వేస్తే వెలుతురూ వేడీ రెండూ తగ్గుతాయి.

అయితే లెక్క కూడా ఒప్పుకుంటా. 100 క్వింటాళ్ళ ఎండుకాయకి 360 క్వింటాళ్ళ పచ్చికాయ. చదరపు మీటరుకి 15 కిలోలు పరిస్తే, 100 చదరపు మీటర్ల డ్రయ్యర్‌కి దఫాకి 15 క్వింటాళ్ళే. మూడు కోతలనుకున్నా ఒక్కో కోతకి 120 క్వింటాళ్ళు, అంటే ఎనిమిది దఫాలు, నలభై రోజులు. అంతకాలం పచ్చికాయ ఆగదు. అందుకే డ్రయ్యర్ బ్యాడిగికి మాత్రమే. తేజని పట్ట మీదే వేసుకోండి.

కల్లం_కాపలా:
ఏసీలో పెట్టేముందు నీళ్ళు చిలకరిస్తారు, కాయ విరక్కుండా ఉండాలని. అదీ తప్పేనా?

నల్లపాడు_ఏసీ:
విరక్కుండా అనేది సగం మాటే, మిగతా సగం తూకం. 10 శాతం తేమలో 43 కిలోలున్న టిక్కీ 14 శాతానికి వస్తే 45 కిలోలు. రెండు కిలోల నీళ్ళు మిర్చి ధరకి. ఫ్యాక్టరీ తేమ కోసి లెక్కకడుతుంది కాబట్టి అక్కడ ఆ లాభమూ లేదు. పైన కొట్టిన నీళ్ళు సమానంగా పాకవు, టిక్కీ తొక్కి కుట్టాక మధ్యలో ఉండిపోతాయి. ఏసీ చల్లదనంలో బూజు నిద్రపోతుంది, చావదు. బయటికొచ్చాక లేస్తుంది.

హెక్సేన్_వాసన:
ఫ్యాక్టరీ వైపు నుంచి రెండు ముక్కలు. "ఎలాగూ కడిగేస్తారుగా" అనేది సగమే నిజం. అఫ్లాటాక్సిన్ హెక్సేన్‌లో పెద్దగా కరగదు, అసిటోన్, ఇథైల్ అసిటేట్‌లో కరుగుతుంది. అంటే ఏ ద్రావకం వాడతారన్నదాన్ని బట్టి మీ బూజు మా డబ్బాలోకి వస్తుంది. యూరప్ ఎండుమిర్చికి పెట్టిన హద్దు: బీ1 రకం అఫ్లాటాక్సిన్ 5 పీపీబీ (వందకోట్ల వంతుల్లో 5 వంతులు), అన్ని రకాలూ కలిపి 10.

పురుగుమందు ఇంకా ఘోరం. నూనెలో కరిగే మందులు రంగుతోపాటే వచ్చేస్తాయి. 100 కిలోల కాయకి ఓలియోరెసిన్ వచ్చేది పది కిలోల చుట్టూ కాబట్టి, కాయలో ఒక వంతు ఉన్న మందు డబ్బాలో పది వంతులవుతుంది. కోతకి వారం ముందు కొట్టిన మందుని ఏ ఏసీ తీయలేదు.

నిలవ గురించి నా మాట: ఎక్కడ పెట్టినా కాయగానే పెట్టండి. పొడి కొట్టి ఆపితే గాలి తగిలే పైభాగం ఎన్నో రెట్లు పెరుగుతుంది, రంగు కళ్ళముందే పోతుంది. మేమే పొడి కొట్టి గుళికలు చేసి వెంటనే ఎక్స్‌ట్రాక్టర్‌లో పోస్తాం.

మగ్గబెట్టు:
ఏసీ నుంచి తీసేటప్పటి సంగతి ఎవరూ ఎత్తలేదు. మేలో గుంటూరు గాలి 38 డిగ్రీలు, తేమ 40 శాతం అనుకోండి. ఆ గాలి 22 డిగ్రీల చోట తగిలితే చెమట పడుతుంది. మీ టిక్కీ 5 డిగ్రీల్లో ఉంది. నేరుగా లారీ ఎక్కిస్తే గోనె తడిసి, పై కాయ మెత్తబడి, దారిపొడవునా ఆవిరి పడుతుంది. ఏసీకి ఆనుకున్న ముందుగదిలో 24 గంటలు, ఒకదానిమీద ఒకటి నెట్టు కట్టకుండా విడివిడిగా పేర్చి, కుట్లు విప్పకుండా ఉంచాలి. చెమట గోనె మీద పడి ఆరిపోవాలి, కాయ మీద కాదు. సాంపిల్ కోసం చల్లటి టిక్కీ కోస్తే తేమ రెండు శాతం ఎక్కువ చూపినా ఆశ్చర్యం లేదు, ఆ తగాదా మళ్ళీ రైతు నెత్తినే.

నల్లపాడు_ఏసీ:
ఆ 24 గంటల జాగా చాలా ఏసీల్లో లేదు. యార్డు వేసవి సెలవులయ్యాక తెరిచిన వారంలో లారీలు వరస కట్టి ఉంటాయి, ముందుగది ఖాళీ ఎవరిస్తారు? అందుకే తేజకి ఏసీ వద్దనేది. పెట్టకపోతే చెమటా లేదు.

కల్లం_కాపలా:
చివరిగా ఒకటి. ఫ్యాక్టరీకి తొడిమ అక్కర్లేదుగా. తొడిమ తీయించి ఏసీలో పెడితే జాగా మిగులుతుంది కదా?

హెక్సేన్_వాసన:
వద్దండీ. తొడిమ ఊడిన చోట కాయకి కన్నం పడుతుంది. గింజ రాలుతుంది, పురుగూ గాలీ లోపలికి పోతాయి. తొడిమతోనే నిలవ పెట్టి, పంపేముందు వారంలో తీయించండి. గింజ రాలిన గోతాలు విడిగా కట్టి పంపండి. మాకు గింజ నూనె ఎక్కువైతే రంగు పలచబడుతుంది, ఆ ధర వేరే.